ఏరోమాటిక్: వాసన పోయినా నిలిచిన పేరు

వలయాకారంలో అమరిన అణువులను గురించి రసాయన శాస్త్రం మాట్లాడే చోట ‘ఏరోమాటిక్’ అనే విశేషణం తరచూ ఎదురవుతుంది. సుగంధ ద్రవ్యమనీ మసాలా దినుసనీ అర్థమున్న గ్రీకు పదం నుంచి ఇది పుట్టింది గాని, ఆ అర్థాన్ని పట్టుకుని నేటి రసాయన గ్రంథాన్ని చదవబోయిన పాఠకుడు మొదటి పుటల్లోనే తికమకపడక తప్పదు. హారతికి వెలిగించే కర్పూరానికి ఘాటైన పరిమళం ఉంది, దాని అణువులో కార్బన్ పరమాణువులు వలయాలుగానే అమరి ఉన్నాయి, అయినా అది ఏరోమాటిక్ పదార్థం కాదు. బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్ వాసనను పరిమళమని ఎవరూ అనరు, అయినా అది ఏరోమాటిక్ సమ్మేళనాలకు చక్కని ఉదాహరణ. శుద్ధమైన బెంజోయిక్ ఆమ్లానికి చెప్పుకోదగ్గ వాసనే లేదు, అదీ ఈ వర్గంలోనిదే. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ముక్కుకు తెలిసే గుణాన్ని బట్టి మొదలైన ఈ పేరు, ఆ తరువాతి నూట యాభై ఏళ్లలో పదార్థంలో ఏ మూలకం ఎంత ఉందన్న దాన్నీ, దాని నిర్మాణమేమిటన్న దాన్నీ, అది ఇతర పదార్థాలతో ఎలా చర్య జరుపుతుందన్న దాన్నీ, చివరకు దాని వలయంలో ఎన్ని ఎలక్ట్రాన్లు తిరుగుతున్నాయన్న దాన్నీ సూచిస్తూ వచ్చింది. ఆ మార్పులు ఎప్పుడు, ఎవరి వల్ల, ఏ అవసరం కొద్దీ వచ్చాయన్నదే ఈ భాగానికి విషయం.

కథకు మొదలు సాంబ్రాణి. సుమత్రా, సయాం ప్రాంతాల్లో పెరిగే స్టైరాక్స్ జాతి చెట్ల బెరడును గాటు పెడితే కారి గడ్డకట్టే ఈ జిగురును అరబ్బు వర్తకులు ‘లుబాన్ జావీ’ అనేవారు. జావా ధూపమని దాని అర్థం. ఐరోపా వర్తకుల నోళ్లలో ఆ మాటలోని మొదటి అక్షరం రాలిపోయి, మిగిలింది ‘బెంజూయి’గా, తరువాత ‘బెంజోయిన్’గా మారింది. సాంబ్రాణిని మెల్లగా వేడిచేస్తే పైకి లేచి చల్లని చోట సూదుల్లా పేరుకునే తెల్లని స్ఫటికాలు పదహారో శతాబ్దం నాటికే ఐరోపా వైద్యులకు తెలుసు. బెంజోయిక్ ఆమ్లమన్న పేరు వాటిదే. బెంజీన్ అనే నేటి పేరు ఆ ఆమ్లం నుంచి వచ్చింది గనుక, ఆధునిక రసాయన పరిశ్రమకు పునాదిగా నిలిచిన ఒక ద్రవం పేరులో జావా ద్వీపం పేరు ఇప్పటికీ దాగి ఉందన్నమాట.

అయితే బెంజీన్‌ను మొట్టమొదట వేరుచేసింది సాంబ్రాణి నుంచి కాదు. 1825లో లండన్‌లో మైకేల్ ఫారడే దీపాల గ్యాసును పరిశీలిస్తూ దాన్ని కనుగొన్నాడు. చేప, తిమింగలం నూనెలను కాచి తీసిన గ్యాసును ఆ రోజుల్లో బలమైన పీడనంతో పాత్రల్లో నింపి ఇళ్లకు చేరవేసేవారు. ఆ పాత్రల అడుగున మిగిలే నూనె వంటి ద్రవాన్ని ఫారడే పదేపదే స్వేదనం చేసి, చల్లబరిచి గడ్డకట్టించి, అందులోంచి ఒక స్వచ్ఛమైన పదార్థాన్ని వేరుచేయగలిగాడు. కార్బన్ పరమాణు భారాన్ని 6గా లెక్కించే కాలమది గనుక, ఆ పదార్థంలో హైడ్రోజన్‌కు రెట్టింపు కార్బన్ ఉన్నట్టు ఆయన లెక్కకు తేలింది, దాని ప్రకారమే పేరు పెట్టాడు. తరువాత 1833 ప్రాంతంలో బెర్లిన్‌లో ఐల్‌హార్డ్ మిట్షెర్లిష్ బెంజోయిక్ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసి అదే ద్రవాన్ని పొంది, దానికి ‘బెంజిన్’ అని పేరుపెట్టాడు. ఆ వ్యాసాన్ని తన పత్రికలో ప్రచురించిన యుస్టుస్ లీబిగ్‌కు ఆ పేరు నచ్చలేదు. క్వినైన్, స్ట్రిక్నిన్ వంటి క్షారాభాల పేర్లతో అది కలిసిపోతుందని చెప్పి ‘బెంజోల్’ అన్నాడు. ఫ్రాన్సులో ఒగ్యూస్త్ లొరాన్ మరో దారి తొక్కాడు. దీపాల గ్యాసులో దొరికింది గనుక, వెలుగునిచ్చేదన్న అర్థం వచ్చే గ్రీకు మూలం నుంచి ‘ఫేన్’ అనే మాటను కల్పించాడు. అది నిలవలేదు గాని దాని సంతానమైన ‘ఫినైల్’, ‘ఫినాల్’ నిలిచాయి. నేడు జర్మన్ భాషలో ‘బెంజిన్’ అంటే పెట్రోలు. ఆ మాటకూ కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ పేరుకూ సంబంధం లేదు, ఉందనుకునేవారు మాత్రం చాలామంది.

ఇదే కాలంలో ప్రయోగశాలల బల్లల మీద సువాసనగల నూనెలూ జిగుర్లూ వరుసగా వచ్చి చేరాయి. 1832లో లీబిగ్, ఫ్రీడ్రిష్ వోలర్ కలిసి చేదు బాదం నూనెను పరిశీలించి, అందులోని ఒక పరమాణు సమూహం చర్య తరువాత చర్యలో చెక్కుచెదరకుండా ఒక పదార్థం నుంచి మరొక పదార్థంలోకి వెళ్తోందని చూపారు; సాంబ్రాణి ఆమ్లమూ ఆ కుటుంబంలోనిదేనని తేలింది. దాల్చిన చెక్క నూనె నుంచి సిన్నమిక్ ఆమ్లం, సోంపు నూనె నుంచి అనిసిక్ ఆమ్లం, జీలకర్ర నూనె నుంచి క్యూమినిక్ ఆమ్లం, కొలంబియా దేశంలోని ‘తోలూ’ అనే పట్టణం పేరుగల జిగురు నుంచి తోలుయీన్ వచ్చాయి. వీటికి తోడుగా 1839లో ఎడ్వర్డ్ సైమన్ అనే బెర్లిన్ ఔషధవ్యాపారి స్టోరాక్స్ అనే సువాసన జిగురును బట్టీపట్టి తీసిన ద్రవమే స్టైరీన్. ధూపద్రవ్యం పేరు మోసే ఈ స్టైరీన్ ఇరవయ్యో శతాబ్దంలో ప్లాస్టిక్ పరిశ్రమకు ముడిసరుకైంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం ట్యాంకు నుంచి వెలువడి 12 మంది ప్రాణాలు తీసిన ఆవిరి ఇదే.

ఈ నూనెల్లోంచి వచ్చిన పదార్థాలను విశ్లేషించిన కొద్దీ ఒక పోలిక బయటపడింది. వెన్న, కొవ్వు, వెనిగర్‌ల నుంచి తీసిన ఆమ్లాల్లో ఒక్కో కార్బన్‌కు దాదాపు రెండేసి హైడ్రోజన్‌లు ఉంటే, సుగంధ నూనెల నుంచి వచ్చిన వాటిలో కార్బన్ పాలు చాలా ఎక్కువ, హైడ్రోజన్ చాలా తక్కువ. బెంజీన్‌లోనైతే ఆరు కార్బన్‌లకు ఆరే హైడ్రోజన్‌లు. మొదటి వర్గాన్ని కొవ్వు శ్రేణి అన్నారు, దానికే తరువాత కొవ్వు, నూనె అన్న అర్థం గల గ్రీకు మూలం నుంచి ‘ఎలిఫాటిక్’ అనే పేరు వచ్చింది. రెండో వర్గానికి పేరు కావలసి వచ్చిన తరుణంలో, 1855లో, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో ఆచార్యుడిగా ఉన్న ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్మన్ ఒక చిన్న వ్యాసంలో ‘ఏరోమాటిక్’ ఆమ్లాలనే మాట వాడాడు. రసాయన వర్గనామంగా ఆ పదం కనిపించిన తొలి సందర్భంగా చరిత్రకారులు దీన్నే చూపుతారు. ఆ పేరెందుకు పెట్టాడో హాఫ్మన్ ఒక్క వాక్యమైనా రాయలేదు. ఆ వర్గంలోని ఆమ్లాల్లో కొన్నింటికి మాత్రమే వాసన ఉందన్న సంగతి ఆయనకు తెలియనిదీ కాదు. పుట్టిననాడే ఆ పేరు సగం తప్పుగా పుట్టిందనడం అన్యాయం కాబోదు.

మిగిలిన సగాన్ని తారు తుడిచిపెట్టింది. దీపాల గ్యాసు కోసం రాతిబొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు మిగిలే నల్లని తారులో బెంజీన్ ఉందని 1845లో హాఫ్మనే నిరూపించాడు. ఆయన శిష్యుడు చార్లెస్ మాన్స్‌ఫీల్డ్ తారును వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద అంశిక స్వేదనం చేసి బెంజీన్‌ను పెద్ద ఎత్తున తీసే మార్గం కనుగొన్నాడు. 1855లో ఆ పనిలోనే బట్టీ పొంగి మంటలంటుకుని కాలిన గాయాలతో చనిపోయాడు. మరుసటి ఏడాది, పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ తారు పదార్థాల నుంచి ఊదారంగు అద్దకాన్ని తయారుచేశాడు. అప్పటి నుంచి ఏరోమాటిక్ పదార్థాలకు చిరునామా సుగంధ ద్రవ్యాల అంగడి కాదు, గ్యాసు కార్ఖానా వెనుక దుర్గంధం కొట్టే తారు గుంట.

ఇక్కడ ఆగస్ట్ కెకూలే ప్రవేశిస్తాడు. బెల్జియంలోని గెంట్‌లో ఆచార్యుడిగా ఉన్న ఆయన 1865 జనవరిలో పారిస్ రసాయన సంఘానికి సమర్పించిన వ్యాసంలో, ఏరోమాటిక్ పదార్థాలన్నింటిలో కనీసం ఆరు కార్బన్‌లు ఉన్నాయనీ, వాటన్నింటికీ ఉమ్మడిగా ఒక ఆరు కార్బన్‌ల కేంద్రకం ఉందనీ, అది కొసలు కలిసిన గొలుసనీ ప్రతిపాదించాడు. కార్బన్‌కు సంయోజకత నాలుగు, అంటే అది నాలుగు బంధాలు ఏర్పరుస్తుంది గనుక, వలయంలో ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలు ఉంచితే లెక్క సరిపోతుంది. కెకూలేకు ముందే, 1861లో, వియన్నాకు చెందిన యోసెఫ్ లోష్మిట్ తన పుస్తకంలో బెంజీన్‌ను ఒక వృత్తంగా గీశాడు గాని ఆ ఆకృతిని గురించి కచ్చితంగా ఏమీ చెప్పలేదు. చలిమంట ఎదుట కునుకు తీస్తూ తోకను నోట కరచుకున్న పామును చూశాననీ, దాంతో వలయం స్ఫురించిందనీ కెకూలే చెప్పిన స్వప్నవృత్తాంతం పాఠ్యపుస్తకాల్లో ఇంకా జీవిస్తోంది. ఆ మాట ఆయన చెప్పింది 1890 మార్చిలో బెర్లిన్‌లో తన సిద్ధాంతపు రజతోత్సవ విందులో, అంటే సంఘటన జరిగిందన్న కాలానికి పాతికేళ్ల తరువాత; విందు ప్రసంగాలకు ఎంత ప్రామాణ్యం ఇవ్వవచ్చునో అంతే దీనికీ ఇవ్వాలి. కథ నిజమైనా కాకపోయినా, 1865 తరువాత ‘ఏరోమాటిక్’ అంటే వాసనగలది అన్న అర్థం శాస్త్రంలో పూర్తిగా తొలగిపోయి, బెంజీన్ వలయం గలది అన్న అర్థం స్థిరపడింది.

వలయం ఒక చిక్కును పరిష్కరించి మరొక చిక్కును తెచ్చిపెట్టింది. బెంజీన్‌లోని రెండు హైడ్రోజన్‌ల స్థానంలో రెండు బ్రోమిన్‌లను ప్రవేశపెడితే, ఒకే పరమాణువులు వేర్వేరు అమరికల్లో ఉండే సాదృశ్యకాలు ఎన్ని రావాలి? కెకూలే గీసినట్టు ద్విబంధాలు కదలకుండా ఉంటే, పక్కపక్కనున్న రెండు కార్బన్‌ల మధ్య ఒకచోట ఏకబంధం, మరొకచోట ద్విబంధం ఉంటాయి గనుక, పక్కపక్క స్థానాల సాదృశ్యకాలే రెండు రావాలి, మొత్తం నాలుగవ్వాలి. ఎంత వెదికినా మూడే దొరికాయి. ఆ మూడింటి స్థానాలనూ ఇటలీలో స్థిరపడిన విల్‌హెల్మ్ కోర్నర్ 1874లో ఓపికగా నిర్ణయించాడు. ఆల్బర్ట్ లాడెన్‌బర్గ్ 1869లో ద్విబంధాలే లేని పట్టకం ఆకారాన్ని సూచించాడు. కెకూలే 1872లో, ద్విబంధాలు స్థిరంగా ఉండవనీ రెండు అమరికల మధ్య నిరంతరం మారుతుంటాయనీ సవరణ చేశాడు. లాడెన్‌బర్గ్ పట్టకం బెంజీన్ కాదని తేలింది గాని, సరిగ్గా ఆ ఆకారంలో ఉన్న అణువును వందేళ్ల తరువాత 1973లో నిజంగానే తయారుచేశారు.

సాదృశ్యకాల లెక్క కన్నా లోతైన చిక్కు బెంజీన్ స్వభావానిది. ద్విబంధాలున్న పదార్థాన్ని, ఉదాహరణకు ఎథిలీన్‌ను, బ్రోమిన్ నీటిలోకి పంపితే ఆ ఎర్రరంగు వెంటనే పోతుంది, ఎందుకంటే బ్రోమిన్ ద్విబంధాన్ని తెరిచి అక్కడ చేరిపోతుంది. దీన్ని సంకలన చర్య అంటారు. మూడు ద్విబంధాలున్నట్టు గీసిన బెంజీన్ మూడు రెట్లు ఆత్రంగా ఆ పని చేయాలి. చేయదు. ఇనుప పొడి వంటి ఉత్ప్రేరకం తోడుంటే అప్పుడు మాత్రం ఒక హైడ్రోజన్‌ను వదిలి దాని చోట ఒక బ్రోమిన్‌ను తీసుకుంటుంది, వలయం అలాగే ఉంటుంది. ఇది ప్రతిక్షేపణ చర్య. 1866లో ఎమిల్ ఎర్లెన్‌మేయర్ ఈ ప్రవర్తననే వర్గానికి లక్షణంగా తీసుకోవాలన్నాడు. కెకూలే నిర్వచనం ప్రకారం ఏరోమాటిక్ అంటే ఒక ఆకృతి, ఎర్లెన్‌మేయర్ నిర్వచనం ప్రకారం ఒక నడత. చాలాకాలం ఈ రెండూ ఒకే పదార్థాలను వర్ణిస్తూ ఉండడం వల్ల తేడా ఎవరికీ పట్టలేదు. ఆ పదం చుట్టూ నేటికీ నడుస్తున్న వాదాలన్నింటికీ బీజం మాత్రం ఇక్కడే పడింది.

ఆకృతి తెలిసిన తరువాత పరిశ్రమ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1868లో బెర్లిన్‌లో కార్ల్ గ్రేబే, కార్ల్ లీబర్మన్ మంజిష్ఠ జాతి వేళ్ల నుంచి వచ్చే ఎర్రరంగు, అలిజరిన్, మూడు వలయాలు అంటుకున్న ఆంత్రసీన్ సంతతి అని తేల్చి, తారులోని ఆంత్రసీన్ నుంచే దాన్ని తయారుచేశారు. కోరమాండల్ తీరంలో శతాబ్దాలుగా బందరు కలంకారీకి ఎరుపునిచ్చిన చిరివేరులోని రంగు కూడా ప్రధానంగా అలిజరినే. కాలక్రమాన చిరివేరు తవ్వకం అడుగంటి, కలంకారీ అద్దకందారుల కాగుల్లోకి కార్ఖానాలో చేసిన అలిజరిన్ పొడి వచ్చి చేరింది. నీలిమందు సంగతీ అంతే. అడాల్ఫ్ ఫాన్ బయర్ 1880లో ప్రయోగశాలలో చేసిన నీలిని 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ నాఫ్తలీన్ ముడిసరుకుగా కార్ఖానాలో తయారుచేసి అమ్మకానికి పెట్టింది. లండన్ సరకు మార్కెట్లో ‘కుర్పా’ పేరుతో అమ్ముడైన నీలిమందుకు ఆ పేరు కడప నుంచే వచ్చింది. కడపలోనూ బీహారులోనూ నీలి సాగును దెబ్బతీసిన ఆ కార్ఖానా నీలికి ఆధారం కెకూలే వలయం. నీలి రైతుకు దాని పేరు తెలియకపోవచ్చు, దాని ఫలితం మాత్రం పొలంలో కనిపించింది.

ఏరోమాటిక్ అంటే ఆరు కార్బన్‌ల వలయమే అన్న నమ్మకానికి మొదటి గండి తరగతి గదిలో పడింది. బెంజీన్‌కు ఇసాటిన్ అనే పదార్థాన్నీ గంధకికామ్లాన్నీ కలిపితే ముదురు నీలం రంగు వస్తుందని బయర్ చెప్పిన పరీక్షను జూరిచ్‌లో విక్టర్ మేయర్ ఏటా విద్యార్థులకు ప్రదర్శించేవాడు. 1882లో ఒకసారి రంగు రాలేదు. ఆ రోజు వాడినది తారు బెంజీన్ కాదనీ, బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారైన బెంజీన్ అనీ ఆయన సహాయకుడు ట్రాగోట్ సాండ్‌మేయర్ వల్ల తెలిసింది. మరొకరైతే సీసా మార్చి ముందుకు సాగిపోయేవారు. మేయర్ తారు బెంజీన్‌లో వేరే పదార్థమేదో ఉండి తీరాలని ఊహించి, పెద్దమొత్తంలో తారు బెంజీన్‌ను గంధకికామ్లంతో కడిగి దాన్ని పట్టుకున్నాడు. అదే థయోఫీన్: నాలుగు కార్బన్‌లు, ఒక గంధకం కలిసిన అయిదు పరమాణువుల వలయం. కార్బన్ కాని పరమాణువు కూడా ఉండే ఇటువంటి వలయాలను విషమ చక్రీయ సమ్మేళనాలంటారు. 84 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే థయోఫీన్, 80 డిగ్రీల వద్ద మరిగే బెంజీన్‌తో వాసనలోనూ నడతలోనూ ఎంతగా కలిసిపోయిందంటే, దశాబ్దాలపాటు రసాయనవేత్తలు దాన్ని బెంజీన్ అనుకునే వాడారు. ఆకృతి వేరు, నడత ఒకటే. ఏరోమాటిక్ అనాలా వద్దా? అనాలనే నిర్ణయించారు, ఎర్లెన్‌మేయర్ అర్థానికి పైచేయి వచ్చింది.

రెండో గండి వ్యతిరేక దిశ నుంచి వచ్చింది. ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలు ఉండడమే బెంజీన్ నిబ్బరానికి కారణమైతే, ఎనిమిది కార్బన్‌లతో అటువంటి వలయాన్ని కట్టినా అది బెంజీన్‌లాగే ఉండాలి కదా. రిచర్డ్ విల్‌ష్టేటర్ 1911లో జూరిచ్‌లో ఆ పనికి పూనుకున్నాడు. దానిమ్మ చెట్టు బెరడులో దొరికే ఒక క్షారాభంలో ఎనిమిది కార్బన్‌ల వలయం ముందే ఉంది. దాన్ని దశలవారీగా విప్పుతూ, ఒక్కో దశలో సరుకు తరిగిపోతూ ఉండగా, చివరకు సైక్లోఆక్టాటెట్రయీన్ అనే పసుపు ద్రవాన్ని సాధించాడు. ఆ విప్పుడుకు వాడిన పద్ధతుల్లో ముఖ్యమైనది, ఏరోమాటిక్ పేరు పెట్టిన హాఫ్మన్ రూపొందించినదే. ఫలితం మాత్రం పూర్తిగా తలకిందులు: ఆ ద్రవం బ్రోమిన్‌ను ఆత్రంగా పుచ్చుకుంది, మామూలు ద్విబంధాల పదార్థంలాగే మెలిగింది. ఇది నమ్మలేని కొందరు విల్‌ష్టేటర్ చేసింది వేరే పదార్థమై ఉంటుందని పుకార్లు పుట్టించారు; 1940ల్లో అమెరికాలో ఆర్థర్ కోప్ బృందం ఆ దశలన్నిటినీ తిరిగి చేసి చూసి ఆయన మాటే నిజమని తేల్చింది, అప్పటికి విల్‌ష్టేటర్ కాలం చేశాడు. వలయం ఉంటే చాలదు, ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలున్నా చాలదు. మరేం కావాలి?

జవాబు ఎలక్ట్రాన్ల లెక్కలో ఉంది. 1925లో జేమ్స్ ఆర్మిట్, రాబర్ట్ రాబిన్సన్ బెంజీన్‌లో ఒక్కో కార్బన్ నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన ఆరు ఎలక్ట్రాన్లు ఏ రెండు పరమాణువులకూ పరిమితం కాకుండా వలయమంతటికీ చెందిన ఒక కూటమిగా ఉంటాయని చెప్పి, దానికి ఏరోమాటిక్ షట్కమని పేరుపెట్టి, షడ్భుజి లోపల వృత్తం గీశారు. పాఠ్యపుస్తకాల్లో నేడు కనిపించే గుర్తు అదే. థయోఫీన్ సంగతీ దీంతో విడిపోయింది: నాలుగు కార్బన్‌లు నాలుగు ఎలక్ట్రాన్లిస్తే, గంధకం ఒక్కటే రెండిస్తుంది, మొత్తం మళ్లీ ఆరు. 1929లో లీడ్స్‌లో కాథ్లీన్ లాన్స్‌డేల్ ఎక్స్ కిరణాలతో హెక్సామిథైల్ బెంజీన్ స్ఫటికాన్ని పరిశీలించి, వలయం చదునైన షడ్భుజి అనీ, దాని ఆరు భుజాలూ సమానమనీ చూపింది. ఏకబంధం పొడవు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, ద్విబంధం పొడవు 1.34 కాగా, బెంజీన్‌లోని ప్రతి బంధమూ దాదాపు 1.40; కెకూలే గీసిన పొట్టి, పొడుగు బంధాలు అక్కడ లేవు. 1936లో హార్వర్డ్‌లో జార్జి కిస్టియకోవ్‌స్కీ బృందం హైడ్రోజన్‌ను చేర్చినప్పుడు వెలువడే వేడిని కొలిచింది. ఒక ద్విబంధం ఉన్న సైక్లోహెక్సీన్‌కు మోల్‌కు 28.6 కిలోకేలరీలు వచ్చింది గనుక మూడు ద్విబంధాల బెంజీన్‌కు సుమారు 86 రావాలి, వచ్చింది 49.8. తక్కువైన ఆ 36 కిలోకేలరీలే బెంజీన్ నిబ్బరానికి కొలత.

ఈ అధ్యాయంలో భారతీయుల పాలు చిన్నది కాదు. 1930 ప్రాంతంలో కలకత్తాలో కేదారేశ్వర్ బెనర్జీ నాఫ్తలీన్, ఆంత్రసీన్ స్ఫటికాల నిర్మాణాన్ని నిర్ణయించాడు. భౌతిక శాస్త్రవేత్త సి.వి. రామన్ శిష్యుడైన కె.ఎస్. కృష్ణన్ మొదట ఢాకాలో, తరువాత కలకత్తాలో ఇటువంటి స్ఫటికాలను అయస్కాంత క్షేత్రంలో వేలాడదీసి, వాటి అయస్కాంత గుణం దిశను బట్టి మారడాన్ని ఎంతో సూక్ష్మంగా కొలిచాడు. వలయపు తలానికి లంబంగా ఆ గుణం మిగతా దిశల్లోకన్నా చాలా ఎక్కువగా ఉంది. ఎలక్ట్రాన్లు వలయం చుట్టూ ప్రవాహంలా తిరగగలిగినప్పుడే అలా జరుగుతుంది. 1936లో కృష్ణన్, లాన్స్‌డేల్ కలిసి ఈ కొలతలకూ అణు నిర్మాణానికీ సంబంధాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో బెంజీన్ పాఠం పాము కలతో మొదలై రాబిన్సన్ వృత్తంతో ముగుస్తుంది. కృష్ణన్ స్ఫటికాలకు అక్కడ చోటు దొరకకపోవడం విచారించదగ్గ లోపం.

షట్కం అన్న మాటలో ఆరే ఎందుకన్న ప్రశ్న మిగిలింది. 1931లో ఎరిక్ హ్యూకెల్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్వాంటమ్ సిద్ధాంతంతో లెక్కగట్టి, చదునైన వలయంలో అలా తిరిగే ఎలక్ట్రాన్ల సంఖ్య 2, 6, 10, 14 వరుసలో ఉంటే అణువుకు నిబ్బరం వస్తుందనీ, 4, 8, 12 వరుసలో ఉంటే రాదనీ చూపాడు. నాలుగింట భాగిస్తే రెండు మిగలాలన్నమాట. విల్‌ష్టేటర్ ఎనిమిది కార్బన్‌ల వలయం ఎందుకు మొండికేసిందో ఇప్పుడు తేలిపోయింది: దానికున్నవి ఎనిమిది ఎలక్ట్రాన్లు, పైగా ఆ అణువు చదునుగా కాక తొట్టి ఆకారంలో వంగి ఉంటుంది. హ్యూకెల్ గణితం సేంద్రియ రసాయనవేత్తలకు కొరుకుడు పడలేదు. ఇరవై ఏళ్లపాటు ఆ వ్యాసాలు దుమ్ము పట్టాయి. 1954లో విలియం డోరింగ్, లారెన్స్ నాక్స్ ఏడు కార్బన్‌ల వలయంలో ఆరు ఎలక్ట్రాన్లు మాత్రమే మిగిలేలా ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న ట్రోపిలియం అయానును గుర్తించడంతో పరిస్థితి మారింది. దాని బ్రోమైడు సేంద్రియ పదార్థంలా కాక ఉప్పులా నీటిలో కరిగింది, సిల్వర్ నైట్రేట్ కలిపితే వెంటనే అవక్షేపం ఇచ్చింది. మెర్లింగ్ అనే రసాయనవేత్త 1891లోనే ఈ పదార్థాన్ని తయారుచేశాడు, చేతిలో ఉన్నదేమిటో చెప్పగల సిద్ధాంతం మాత్రం అప్పటికి పుట్టలేదు. 1957లో రోనాల్డ్ బ్రెస్లో మూడే కార్బన్‌లు, రెండే ఎలక్ట్రాన్లు గల వలయ అయానును సాధించాడు. ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో ఫ్రాంజ్ సోండ్‌హైమర్ పద్దెనిమిది కార్బన్‌ల పెద్ద వలయాన్ని కట్టాడు, పద్దెనిమిది ఎలక్ట్రాన్లున్న అది కూడా సూత్రానికి లోబడింది. ఆరు కార్బన్‌ల నియమం ఈ విధంగా రెండు వైపులా చెరిగిపోయింది. సూత్రానికి ఎదురు పక్షాన, నాలుగు ఎలక్ట్రాన్ల చదును వలయాల వంటి అస్థిర అణువులకు బ్రెస్లోయే 1960ల్లో ‘యాంటీ ఏరోమాటిక్’ అని పేరుపెట్టాడు.

పదం ఇంత దూరం వచ్చినా వాడుకలో పాత అర్థాలు చావలేదు. చమురు శుద్ధి కర్మాగారంలో ‘ఏరోమాటిక్స్’ అంటే బెంజీన్, తోలుయీన్, జైలీన్‌లు. భారత్ స్టేజ్-6 ప్రమాణాల ప్రకారం పెట్రోలులో ఏరోమాటిక్‌ల మొత్తం పరిమాణం 35 శాతానికీ, క్యాన్సర్ కారకమైన బెంజీన్ 1 శాతానికీ మించరాదు. అక్కడ ఆ మాటకు కెకూలే ఇచ్చిన అర్థమే సరిపోతుంది. పరిమళ చికిత్స ప్రకటనల్లోనూ సువాసన బియ్యం సంచుల మీదా కనిపించే అదే పదానికి హాఫ్మన్‌కు ముందున్న అర్థం. అంతర్జాతీయ రసాయన సంఘం ఐ.యు.పి.ఎ.సి. తన పరిభాషా కోశంలో రెండు అర్థాలిచ్చి ఊరుకుంది: సంప్రదాయార్థంలో బెంజీన్ వంటి రసాయన ప్రవర్తన గలది, రెండో అర్థంలో, ఎలక్ట్రాన్లు వలయమంతటా పరచుకోవడం వల్ల, అలా పరచుకోని ఊహా నిర్మాణం కన్నా గణనీయంగా ఎక్కువ స్థిరత్వం గలది.

కొలత ఏదన్న విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. బంధాల పొడవుల సమానతను కొందరు, వెలువడే వేడిని కొందరు, వలయ ప్రవాహం పుట్టించే అయస్కాంత ప్రభావాన్ని కొందరు ప్రమాణంగా తీసుకుంటారు. 1996లో పాల్ ష్లేయర్ బృందం వలయం నడుమ ఉండే అయస్కాంత రక్షణను కంప్యూటర్ లెక్కతో అంచనా వేసే పద్ధతిని ప్రవేశపెట్టాక మూడో పక్షం బలపడింది. చిక్కేమిటంటే ఒకే అణువు ఒక కొలత ప్రకారం ఏరోమాటిక్ కావచ్చు, మరో కొలత ప్రకారం కాకపోవచ్చు. ఈ పరిస్థితుల్లో పదాన్ని వదిలేయడం మేలన్న వాదన బలమైనదే గాని, దాని స్థానంలో పెట్టదగ్గ మాట ఇంతవరకూ ఎవరూ చూపలేదు. ప్రయోగశాలలో ఒక అణువు ఎలా మెలగబోతోందో ముందుగా చెప్పడానికి ఈ పాత పేరు ఇప్పటికీ పనికివస్తున్నంత కాలం రసాయనవేత్తలు దీన్ని వదలబోరు, వదలనక్కర కూడా లేదు. 2001లో అమెరికా పరిశోధకులు నాలుగు అల్యూమినియం పరమాణువులు చతురస్రంగా అమరిన, రెండు రుణావేశాలు గల గుచ్ఛాన్ని వర్ణించి, దాన్ని కూడా ఏరోమాటిక్ అన్నారు. అందులో కార్బన్ లేదు, హైడ్రోజన్ లేదు, సంకలనానికీ ప్రతిక్షేపణకూ తావు లేదు. లేజరుతో లోహాన్ని ఆవిరిచేసి శూన్యపాత్రలో పరిశీలించిన గుచ్ఛం గనుక దాన్ని వాసన చూసే అవకాశమూ లేదు. థయోఫీన్‌తో మొదలైన విషమ చక్రీయ సమ్మేళనాల చరిత్ర వచ్చే భాగంలో.

(సశేషం)